సాలెగూడు గీతలు పోవాలంటే: కారుకు మెషీన్ పాలిష్ పట్టే పద్ధతి

నల్ల కారును సాయంత్రం నాలుగింటప్పుడు ఎండలో నిలబెట్టి, బానెట్ మీద పడే సూర్యుడి ప్రతిబింబాన్ని చూడండి. దాని చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకుని కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పడిన వేల గీతల్లో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి వలయాల్లా అనిపిస్తాయి. తెల్ల కారుకూ సిల్వర్ కారుకూ ఇవే గీతలు ఉంటాయి, కాకపోతే కంటికి అంతగా ఆనవు.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇవి తొందరగా పడతాయి. ఎర్రమట్టి దుమ్ముకు తోడు గ్రానైట్ క్వారీలు, రాయి కోసే ఫ్యాక్టరీలు ఉన్న దారుల్లో రాతిపొడి పడుతుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ కారు పెయింట్ కన్నా చాలా గట్టిది. పొద్దున్నే ఆ పొడిని పొడిగుడ్డతో గబగబా దులిపితే ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. దుమ్ము తుడవకుండా కవర్ కప్పినా అంతే. గాలికి కవర్ కదిలినప్పుడల్లా రాపిడి జరుగుతూనే ఉంటుంది. వాటర్ వాష్‌లో అంతకుముందు వచ్చిన కారు చక్రాలు తుడిచిన గుడ్డతోనే మీ బానెట్ తుడిచినా ఇదే ఫలితం.

మెషీన్ పట్టే ముందు తెలుసుకోవాల్సింది

ఫ్యాక్టరీలో రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక జిరాక్స్ కాగితం మందం. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. గీతలు ఉండేది ఈ పొరలోనే. పాలిష్ పట్టడమంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి సమం చేయడం. పోయిన గీతతో పాటు కొంత పొర కూడా పోతుంది, అది మళ్లీ రాదు.

మంచి ఫోమ్ ప్యాడ్‌తో, సన్న పాలిష్‌తో ఒక విడత చేస్తే ఒకటి రెండు మైక్రాన్లు అరుగుతుంది. ఊల్ ప్యాడ్‌తో ముతక కాంపౌండ్ (గరుకు ఎక్కువున్న పాలిష్) పెడితే నాలుగైదు దాకా పోవచ్చు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది కూడా ఈ పొరే. మే నెల తిరుపతి ఎండలో రోజంతా ఆరుబయట ఉండే కారుకు టాప్, బానెట్ మీద క్లియర్ కోట్ పలచబడితే కొన్నేళ్లకు పొట్టులా లేచిపోతుంది. అప్పుడిక రీపెయింటే గతి. అందుకే రోజూ తిరిగే కారుకు నూటికి ఎనభై గీతలు పోయి మెరుపు వస్తే అక్కడితో ఆపేయండి. మిగిలిన ఇరవై కోసం అరగదీసేది ముందు ఎనభైకి అరిగిన దానికన్నా ఎక్కువే ఉంటుంది.

పెయింట్ మందం కొలిచే గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్ మీదా నాలుగైదు చోట్ల పెట్టి చూడండి. 100కూ 140కీ మధ్య ఉంటే ఫ్యాక్టరీ పెయింటేనని అనుకోవచ్చు. 200 దాటితే ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ పడింది. ఐదారు వందలు చూపిస్తే లోపల పుట్టీ ఉంది. సెకండ్ హ్యాండ్ కార్లలో ఇది మామూలే. మందం ఎక్కువుంది కదా అని అలాంటి చోట ధైర్యంగా రుద్దకూడదు. గేజ్ మొత్తం మందాన్నే చెబుతుంది, అందులో క్లియర్ కోట్ ఎంతో చెప్పదు. షెడ్డులో వేసిన క్లియర్ కోట్ ఒక్కోచోట చాలా పలచగా ఉంటుంది. 80, 90 చూపించే ప్యానెల్ ఇదివరకే రబ్బింగ్ తిని ఉండొచ్చు కాబట్టి దాన్ని సన్న పాలిష్‌తో సరిపెట్టండి. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు.

గేజ్ లేకపోయినా రెండు పరీక్షలు చేయవచ్చు. గీతకు అడ్డంగా గోరు మెల్లగా లాగండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు. అంచులు కాస్త మెత్తబడి తక్కువగా కనిపిస్తుందంతే. రెండోది, గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపూ కనబడకుండా పోతే గీత క్లియర్ కోట్‌లోనే ఉంది, ఆశ పెట్టుకోవచ్చు. తడిపినా తెల్లగానో వేరే రంగులోనో కనిపిస్తే కింది పొర దాకా దిగింది, దానికి టచింగ్ వేయాల్సిందే. ఇప్పటికే పొట్టు లేస్తున్న క్లియర్ కోట్‌కూ, మ్యాట్ పెయింట్‌కూ మెషీన్ పెట్టకూడదు.

సామాను

మొదటిసారి పట్టేవాళ్లకు డీఏ (డ్యుయల్ యాక్షన్) మెషీనే మంచిది. ఇందులో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పుట్టదు. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. అనుభవమున్న చేతిలో వేగంగా కోస్తుంది గానీ, చేయి తప్పితే క్షణాల్లో అంచుల దగ్గర పెయింట్ ఎగరగొడుతుంది. తక్కువ డబ్బుకు చేసే రబ్బింగ్‌లో రోటరీకి ఊల్ ప్యాడ్ బిగించి ఒక్క విడతతో వదిలేస్తారు. ఆ రోజు కారు తళతళలాడుతుంది. ఎందుకంటే కాంపౌండ్‌లోని నూనెలు గీతల్లో నిండి కూర్చుంటాయి. నాలుగైదు వాష్‌లకు నూనె కడుక్కుపోయి పాత గీతలు తేలతాయి. ఎండలో చూస్తే వాటి మీద మెషీన్ నడిచిన దారి అలలు అలలుగా కొత్తగా కనిపిస్తుంది. ఆ అలలనే హోలోగ్రామ్‌లు అంటారు.

కావలసినవి ఇవి: 15 మి.మీ. ఊపు ఉన్న డీఏ మెషీన్, ప్యాడ్ అతికించే 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్, దానికి సరిపోయే ఐదున్నర అంగుళాల ప్యాడ్లు. చిన్న కారుకు కటింగ్ ఫోమ్ ప్యాడ్లు మూడు, పాలిషింగ్ ప్యాడ్లు నాలుగు, మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్లు రెండు ఉంచుకోండి. ఒక్క ప్యాడ్‌తో కారంతా లాగాలని చూస్తే సగంలోనే అది తడిసి, వేడెక్కి, పనిచేయడం మానేస్తుంది. కాంపౌండ్, సన్న పాలిష్ ఒక్కో 250 మి.లీ. సీసా ఒక కారుకు సరిపోయి ఇంకా మిగులుతుంది. అంచులు కుట్టని మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం పది. మంచి ఎల్ఈడీ టార్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాగితపు మాస్కింగ్ టేపు, ప్యాడ్ శుభ్రం చేసే బ్రష్, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు కూడా ఉండాలి. మెషీన్ తీగను భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, లేకుంటే అది కారును రాసుకుంటూ పోయి కొత్త గీతలు పెడుతుంది. చేతి ఉంగరం, గడియారం, బెల్టు బకిల్ తీసేయండి.

కడగడం, మట్టి తీయడం

సగం పని ఇక్కడే ఉంది. పెయింట్ మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది ప్యాడ్‌లో ఇరుక్కుని కారంతా గీస్తుంది. ముందు ప్రెషర్ నీళ్లతో దుమ్మంతా దించి, తర్వాత షాంపూ నీళ్లకు ఒక బకెట్, కారు రుద్దే గ్లవ్ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకుని పైనుంచి కిందికి కడగండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. వాటిని ఆరనిస్తే తెల్ల మరకలు కూర్చుంటాయి కాబట్టి నీడలో కడిగి వెంటనే తుడిచేయాలి.

తిరుమల తరచుగా వెళ్లొచ్చే కార్లకు ఇంకో పనుంది. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు తొక్కడంతో డిస్కుల నుంచి రాలే ఇనుప రజను చక్రాల వెనక భాగంలో, డోర్ల కింద వరసలో పెయింట్‌కు గుచ్చుకుని కూర్చుంటుంది. తెల్ల కారు మీద నారింజ చుక్కల్లా కనిపించేది అదే. ఐరన్ రిమూవర్ కొట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచితే ఊదా రంగుకు తిరిగి కారుతుంది. ఆరనివ్వకుండా కడిగేయండి. వాహన పూజలో పెట్టిన గంధం, పసుపు, కుంకుమ ఎండి గట్టిపడి ఉంటే గోటితో గీకొద్దు. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నాననిస్తే మెత్తబడి వచ్చేస్తాయి. బానెట్ మీద కర్పూరం వెలిగించిన చోట పెయింట్ మాడి ఉంటే అది పాలిష్‌తో పోదు.

మామిడి పూత కాలంలో చెట్టు కింద నిలిపిన కార్ల మీద తేనెమంచు పురుగు విసర్జించే జిగురు చుక్కలు చుక్కలుగా పడుతుంది. దాని మీద దుమ్ము అంటుకుని నల్లబడుతుంది. దాన్ని గోరువెచ్చని షాంపూ నీళ్లతో నానబెట్టి తీయాలి. కాయ కోసేటప్పుడు కారే సొన ఇంకా ఘాటైనది. రెండు రోజులు ఎండలో ఉంటే క్లియర్ కోట్‌ను తినేసి గుంట పెడుతుంది.

ఆ తర్వాత క్లే, అంటే కడిగినా పోకుండా పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద. అరచేతిలో బిస్కెట్ సైజు ముక్కను మెత్తగా పిసికి, పెయింట్ మీద లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి, బరువు వేయకుండా సాఫీగా అటూ ఇటూ జరపండి. మొదట గరగర చప్పుడు వస్తుంది, మురికి పోయాక క్లే నిశ్శబ్దంగా జారుతుంది. చాలిందో లేదో తెలియాలంటే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమరండి. ఉత్త చేతికి తెలియని గరుకు అప్పుడు స్పష్టంగా తగులుతుంది. క్లే ముక్క కింద పడితే పారేయండి, కడిగి వాడే ప్రయత్నం వద్దు.

టేపు వేయాల్సినవి: రబ్బరు బీడింగ్, నల్ల ప్లాస్టిక్ భాగాలు, ఎంబ్లెమ్‌లు, వాటితో పాటు బానెట్ అంచులు, డోర్ల మీది పదునైన బాడీ లైన్లు. అంచుల మీద పెయింట్ సహజంగానే పలచగా ఉంటుంది, మెషీన్ బలమంతా కూడా అక్కడే పడుతుంది. నల్ల ప్లాస్టిక్ మీద కాంపౌండ్ పడి ఆరితే తెల్లగా పట్టుకుని ఓ పట్టాన వదలదు. పని అయిన రోజే టేపు తీసేయాలి, మన వేడికి జిగురు పెయింట్‌కు అంటుకుపోతుంది.

టెస్ట్ స్పాట్

ఏ కారుకు ఏ ప్యాడ్, ఏ పాలిష్ అని ఎవరూ చూడకుండా చెప్పలేరు. జపాన్ కంపెనీల పెయింట్ చాలావరకు మెత్తన, జర్మన్ కార్లది గట్టి అన్న మాట ఉంది గానీ, ఒకే కారులో కూడా రీపెయింట్ పడిన డోర్ ఒకలా, పక్క డోర్ ఇంకోలా ఉంటుంది. కాబట్టి బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో గుర్తుపెట్టి అక్కడ తేల్చుకోండి.

అన్నిటికన్నా సున్నితమైనదానితో మొదలుపెట్టాలి: పాలిషింగ్ ప్యాడ్, సన్న పాలిష్. ఒక విడత చేసి, తుడిచి, టార్చి వేసి చూడండి. చాలకపోతే పాలిష్ అదే ఉంచి కటింగ్ ప్యాడ్ పెట్టండి. అప్పటికీ చాలకపోతేనే కాంపౌండ్‌కు మారండి. కాంపౌండ్ పట్టాక పెయింట్ కాస్త పొగపట్టినట్టుంటే దాని మీద ఫినిషింగ్ ప్యాడ్‌తో సన్న పాలిష్ రెండో విడత కావాలి. తెల్ల, సిల్వర్ కార్లకు చాలాసార్లు ఒక్క విడతే సరిపోతుంది. నల్లవాటికి, ముదురు ఎరుపు, నీలం కార్లకు రెండు విడతలు తప్పవు. ఫలితం నచ్చాక ప్యాడ్, మందు (పాలిష్ లేదా కాంపౌండ్), స్పీడ్, ఎన్నిసార్లు తిప్పారు అన్నది కాగితం మీద రాసుకుని కారంతా అదే పాటించండి.

ప్యాడ్ తిప్పే తీరు

కొత్త ప్యాడ్ ముఖమంతా మందును వేలితో పలచగా పులమండి, పొడిగా ఉన్న చోట ప్యాడే గీతలు పెడుతుంది. తర్వాత ప్రతి చదరానికీ శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. ప్యాడ్‌ను ఆ చోట నాలుగైదుసార్లు అద్ది, మెషీన్‌ను ఒకటో నంబరు స్పీడ్ మీద ఆన్ చేసి మందును పరచండి. ఆ తర్వాత నాలుగు, ఐదుకు పెంచండి. మెషీన్‌ను గాల్లో ఆన్ చేస్తే మందు గోడలకూ మీ ముఖానికీ చిమ్ముతుంది.

చేయి నెమ్మదిగా కదలాలి. అడుగున్నర దూరం దాటడానికి 12 నుంచి 18 సెకన్లు పట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇల్లు తుడిచినట్టు గబగబా తిప్పితే మందు వృథా అవుతుంది గానీ గీత పోదు. ప్రతి వరస ముందు వరస మీద సగం ఎక్కాలి. అడ్డంగా చదరమంతా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఇలా మొత్తం నాలుగు నుంచి ఆరుసార్లు. చివరిసారి బరువు తగ్గించి మెషీన్‌ను తేలిగ్గా పోనివ్వండి.

ఎంత అదమాలి? బ్యాకింగ్ ప్లేట్ పక్కన మార్కర్‌తో ఒక నల్ల గీత పెట్టండి. మెషీన్ నడుస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయి వణుకుతూ ఉంటే ఎక్కువ అదుముతున్నారు, లేదా ప్యాడ్ ఒకవైపుకు వాలింది. డీఏ ప్యాడ్ తిరగడం ఆగిన క్షణం నుంచి కోత దాదాపు సున్నా. వంపు ఉన్న చోట్ల ప్యాడ్ సమంగా ఆనదు కాబట్టి చదరం చిన్నది చేసుకోండి. పిల్లర్లు, బంపర్ మూలలకు 3 అంగుళాల ప్యాడ్ మేలు.

చదరం అయ్యాక ముందు మెషీన్ ఆపి, తర్వాతే పైకి ఎత్తండి. మైక్రోఫైబర్‌తో మందు తుడిచి, ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు నాలుగైదు వంతుల నీళ్లు కలిపి స్ప్రే చేసి ఇంకో గుడ్డతో తుడవండి. నూనె పోయి అసలు పెయింట్ కనిపిస్తుంది. ఈ పని చేయకుండా బాగుందని నిర్ణయించకండి. టార్చిని నెత్తిమీద నుంచి కాకుండా పక్కవాటుగా పట్టి, ఆ వెలుగు ప్రతిబింబం అంచు దగ్గర చూడాలి. ట్యూబులైటు కింద అన్ని కార్లూ బాగానే ఉంటాయి.

ప్రతి చదరానికీ ప్యాడ్‌ను బ్రష్‌తో గీకండి. అరిగిన పెయింట్, ఎండిన మందు అందులో పేరుకుంటే కోత తగ్గి మబ్బు మిగులుతుంది. ప్యాడ్ వెనక చేయి పెట్టి చూసి వేడిగా ఉంటే మార్చేయండి. ప్యాడ్ మీద కారు రంగు వస్తుంటే ఆగాల్సిందే. క్లియర్ కోట్ లేని పాత సాలిడ్ పెయింట్ అయితే అది సహజం, సన్నగా చేసుకోవచ్చు. క్లియర్ కోట్ ఉన్న కారులో రంగు వచ్చిందంటే ఆ పొర పోయినట్టే. వెంటనే ఆపండి, ఇక అక్కడ మెషీన్ పెట్టకండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

మన దగ్గర మొదటి శత్రువు వేడి. ఎండలో నిలిచిన బానెట్ చేయి ఆన్చలేనంత కాలుతుంది. దాని మీద మందు వేస్తే అరనిమిషంలో ఎండి పిండిలా రాలుతుంది, మిగిలింది అతుక్కుపోతుంది. వేసవిలో షెడ్డులో ఉదయం ఆరింటి నుంచి పదింటి దాకా చేసుకుని ఆపండి. పని మధ్యలో కూడా అరచేయి ఆన్చి చూస్తుండాలి, గోరువెచ్చన దాటితే ఇంకో ప్యానెల్‌కు వెళ్లండి. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలు వేడిని వదలవు, వాటికి స్పీడ్ ఒక నంబరు తగ్గించండి. ఫ్యాను పెడితే దుమ్ము లేస్తుంది. అందుకని ముందుగా నేల మీద నీళ్లు చల్లి పెట్టుకోండి.

మబ్బు పట్టినట్టు సన్నటి గరుకు మిగిలితే ప్యాడ్ మరీ ముతకదైనా అయ్యుండాలి, మురికిదైనా అయ్యుండాలి. శుభ్రమైన ఫినిషింగ్ ప్యాడ్, సన్న పాలిష్, స్పీడ్ మూడు మీద సరిచేయవచ్చు. పొడి ఎక్కువ రాలుతుంటే మందు ఎక్కువ వేస్తున్నారు, లేదా ఎండిపోయాక కూడా తిప్పుతున్నారు. మందు పూసలుగా అతుక్కుంటే పొడిగుడ్డతో రుద్దకుండా, ప్యాడ్ మీద కొత్త చుక్క ఒకటి వేసి తక్కువ స్పీడ్‌తో తిప్పితే కరిగి వస్తుంది. ఉన్నట్టుండి లోతైన కొత్త గీతలు కనిపిస్తే ప్యాడ్‌లో రేణువు ఇరుక్కుంది. ఆ ప్యాడ్ పక్కన పెట్టి, ప్యానెల్ మళ్లీ కడిగి మొదలెట్టండి.

ఇవన్నీ పాటిస్తే చిన్న కారుకు ఒక విడత పనికి ఒక రోజు, పెద్ద కారుకు రెండు విడతలంటే రెండు రోజులు పడుతుంది.

పాలిష్ అయిన పెయింట్ మీద ఏ కాపూ ఉండదు కాబట్టి అదే రోజు సీలెంట్ గానీ వ్యాక్స్ గానీ పలచగా వేయండి. మన ఎండలకు వ్యాక్స్ కన్నా సీలెంట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్ వేసేట్టయితే ఆల్కహాల్‌తో కారంతా ఇంకోసారి తుడవాలి. వేశాక కనీసం ఒక రోజు నీళ్లు, మంచు తగలకుండా షెడ్డులోనే ఉంచాలి. ఈమధ్యే షెడ్డులో పెయింట్ వేయించిన ప్యానెల్ ఉంటే సీలెంట్ ఎప్పుడు వేయవచ్చో పెయింటర్‌ను అడిగి తెలుసుకోండి. లోపలి సాల్వెంట్ పూర్తిగా ఆరకముందే మూసేస్తే పెయింట్ మెత్తగా ఉండిపోతుంది.

వాడిన ప్యాడ్లను ఎండనివ్వకుండా అదే సాయంత్రం గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, బొటనవేలితో మందును బయటికి నొక్కండి. మెలితిప్పి పిండితే వెల్క్రో ఊడుతుంది. మెషీన్‌కు తగిలించి, ఒక బకెట్ లోపలికి పెట్టి ఆన్ చేస్తే నీళ్లన్నీ విదిలిపోతాయి. ఫోమ్ ముఖం కిందికి పెట్టి నీడలో ఆరబెట్టి, కటింగ్‌వి ఒక కవర్లో, ఫినిషింగ్‌వి ఇంకో కవర్లో మూతి బిగించి ఉంచండి.